బావ డాలస్ నుంచి వస్తున్నాడు, గిటార్‌కి పికప్స్ తెప్పించుకోనా? ముందు హార్డ్‌వేర్ మార్చాలా?

వైజాగ్_స్ట్రాట్

అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ ఇక్కడ చదువుకుని వెళ్ళిపోవడమే, రాయడం ఇదే మొదలు, పొడుగైపోతే తిట్టుకోకండి.

నా దగ్గర స్ట్రాట్ టైప్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌ని పోలిన) ఎలక్ట్రిక్ గిటార్ ఒకటి ఉంది, సెకండ్ హ్యాండ్‌లో తొమ్మిది వేలు పెట్టి కొన్నా. తీగల అదురుని పట్టే పికప్స్ మూడు, బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే చోటు) దగ్గర రెండు కాయిల్స్ ఉండే హంబకర్, మధ్యలోనూ నెక్ దగ్గరా సింగిల్ కాయిల్స్. బ్రాండ్ పేరు కావాలనే చెప్పట్లేదు, చెప్తే థ్రెడ్ మొత్తం ఆ బ్రాండ్ మీద కొట్టుకోవడానికే సరిపోతుంది. నెక్ మాత్రం చాలా బాగుంది, చేతిలో అలా ఇమిడిపోతుంది, అందుకే దాన్ని అమ్మేసి వేరేది కొనుక్కో అంటే మనసొప్పట్లేదు.

ఇక బాధలు. ఒక పాటలో రెండు బెండ్‌లు (తీగని పక్కకి లాగడం) గట్టిగా లాగి వామీ బార్ (బ్రిడ్జ్‌ని ఊపే కడ్డీ) ఒక్కసారి ముట్టుకున్నానంటే జి స్ట్రింగ్ శ్రుతి తప్పినట్టే. చిన్నప్పుడు అమ్మ దగ్గర కొన్నాళ్ళు వీణ నేర్చుకున్నా, ఆ గమకాలు లాగే అలవాటు గిటార్ మీద కూడా పోలేదు, అదీ ఓ కారణమేమో. క్లీన్‌లో సౌండ్ సన్నగా రేకు డబ్బా మీద కొట్టినట్టు ఉంటుంది, డిస్టార్షన్ పెడితే కీచుమని అరుపు. ఇంట్లో వాయిస్తుంటే జుయ్య్ మని హమ్, తీగల మీద చెయ్యి పెడితే కొంచెం తగ్గుతుంది. పైగా మాది సముద్రం పక్క, కొత్త తీగలు రెండు వారాలకే గరుకెక్కిపోతాయి, శాడిల్స్ (బ్రిడ్జ్ మీద ఒక్కో తీగ ఆనే ముక్కలు) మీద ఉండే చిన్న స్క్రూలు తుప్పు పట్టి అసలు తిరగట్లేదు.

అసలు సంగతేంటంటే బావ వాళ్ళు డిసెంబర్‌లో డాలస్ నుంచి వస్తున్నారు. అరకేజీ దాకా ఏమైనా తెప్పించుకో, ఒక్క గ్రాము ఎక్కువైనా కుదరదు అని అక్క తేల్చేసింది. బడ్జెట్ ఇరవై వేలు. పికప్స్ మూడూ మార్చెయ్యనా, లేక లాకింగ్ ట్యూనర్స్ (తీగని బిగించి పట్టుకునే శ్రుతి మరలు), బ్రిడ్జ్ ముందా? సోల్డరింగ్ అంటారా, ఇంజనీరింగ్ ల్యాబ్‌లో చేశా, అదీ పక్కోడు చేస్తుంటే చూశా.


కోఠి_కేబుల్

తమ్మీ, ఏం తెప్పిచ్చుకుంటవ్ అన్నది తర్వాతి ముచ్చట. ముందుగాల ఓ స్కేలు తీస్కొని గిటార్ ముందట కూసో. వెర్నియర్ దొరికితే ఇంకా మంచిది. ఎందుకు చెప్తున్ననంటే నా టేబుల్ సొరుగుల ఓ కొత్త బ్రిడ్జ్ ఆరేండ్ల సంది పండుకొని ఉన్నది. దోస్తు ఒకడు అటునుంచి వస్తుంటే తెప్పిచ్చిన, స్ట్రాట్ బ్రిడ్జ్ అంటే అన్నీ ఒక్కటే కద అనుకున్న. బిగిద్దామని చూస్తే ఒక్క స్క్రూ గూడ బెజ్జంల కూసోలే. వాపస్ ఇద్దామంటే దుకాణం సముద్రం అవుతల ఉన్నది.

బ్రిడ్జ్ ముందట ఆరు స్క్రూలు ఉంటయ్ కద, ఈ చివరి స్క్రూ నడిమి నుంచి ఆ చివరి స్క్రూ నడిమి దాక కొలువు. పాత ఫెండర్ లెక్కల చేసినయి అయితే 56 మిల్లీమీటర్లు వస్తది, ఆసియాల తయారైన చానా గిటార్లకు 52.5 వస్తది. మూడున్నర మిల్లీమీటర్లే కద అనుకోకు, పాత బెజ్జాలల్ల కట్టె పుల్లలు కొట్టి జిగురుతోని పూడ్చి, మల్ల కొత్తయి తోడాలె, ఒక్కటి వంకర పోయినా ఇంటోనేషన్ (ఏ మెట్టు మీద నొక్కినా శ్రుతి సరిగ్గ పలుకుడు) ఖతం. ఇంకోటి, అసలు స్ట్రాట్ బాడీ మందం దగ్గర దగ్గర 45 మిల్లీమీటర్లు, సస్తా గిటార్లు కొన్నిట్ల 40 కూడా ఉండది. నువ్వు కింద పెద్ద స్టీల్ బ్లాక్ ఉన్న బ్రిడ్జ్ తెప్పిస్తే అది ఎనుక నుంచి బయటికి పొడుచుకొస్తది, స్ప్రింగుల మీది మూత పట్టదు. బరువు సంగతి గూడ చూస్కో, ఆ బ్రిడ్జ్ ఒక్కటే మీ అక్క ఇచ్చిన అరకేజీల పెద్ద వాటా తింటది.

ట్యూనర్ల బెజ్జం కొలువు. ఈ కాలం వాటికి 10 మిల్లీమీటర్లు ఉంటది, పాత మోడల్ వాటికి ఎనిమిదిన్నర చిల్లర. ఎనుక దిక్కు ట్యూనర్ ఎట్ల నిలవడ్డదో కూడ చూడు, స్క్రూ ఉన్నదా, రెండు పిన్నులు గుచ్చుకొని ఉన్నదా, స్క్రూ ఉంటే ఏ మూలకు ఉన్నది, ఫోటో తీసి పెట్టుకో. ఆరు ట్యూనర్లు ఒక్క దిక్కే ఉండే సెట్టు అడగాలె, మూడు ఇటు మూడు అటు ఉన్నది అడిగితే మల్ల నా సొరుగు లెక్కనే అయితది.

పాట్స్ (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద తిరిగే భాగాలు) గూడ అంతే. నీ దాంట్ల ఉన్నయి చిన్న పాట్స్ అయితే షాఫ్ట్ దారం 7 మిల్లీమీటర్ల దగ్గర ఉంటది, అమెరికా సీటీఎస్ కంపెనీ పాట్స్‌కు తొమ్మిదిన్నర. పిక్‌గార్డ్ (గిటార్ ముందటి ప్లాస్టిక్ పలక) బెజ్జం పెద్దగ చెయ్యాలె. డ్రిల్లు పెట్టకు, ప్లాస్టిక్ చటుక్కున పగులుతది, గుండ్రటి ఆకురాయితోని నిమ్మళంగ రాకు. ఇంకో తిరకాసు ఉన్నది, షాఫ్ట్ కొనకు ఉండే పండ్లు సీటీఎస్‌కు 24, మనకాడ దొరికే మెట్రిక్ పాట్స్‌కు 18. పాత నాబ్ కొత్త పాట్ మీద కూసోదు.

హమ్ గురించి ఒక్క మాట. తీగల మీద చెయ్యి పెడితే తగ్గుతున్నదంటే నీ గిటార్ల గ్రౌండ్ వైర్ సలామత్‌గనే ఉన్నట్టు. చెయ్యి పెడితే పెరుగుతది అంటెనే భయపడాలె. కానీ గిటార్ పట్టుకొని మైకుకు మూతి తాకితే సుర్రుమన్నదనుకో, ఇగ పికప్పు లేదు బ్రిడ్జ్ లేదు, ఆడికాడ వాయించుడు బంద్ చేసి ఎలక్ట్రిషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపియ్యి. ఇది మజాక్ కాదు.


గుంటూరు_లీడ్

తమ్ముడూ, ఇరవై వేలు పక్కన పెట్టి ముందు ఒక పెన్సిల్ కొనుక్కో.

నేను పదిహేనేళ్ళుగా ఆదివారాలు చర్చిలో, మిగతా రోజులు పెళ్ళిళ్ళకి ఆర్కెస్ట్రాలో లీడ్ వాయిస్తున్నా, శ్రుతి పోయే గిటార్ అని నా దగ్గరికి తెచ్చిన వాటిల్లో ట్యూనర్ నిజంగా పాడైపోయినవి ఒకటో రెండో, మిగతావన్నీ నట్ (నెక్ పైకొసన తీగలు కూర్చునే గాళ్ళున్న ముక్క) దగ్గరే. నీ జి స్ట్రింగ్ ట్యూన్ చేస్తున్నప్పుడు కాసేపు కదలకుండా ఉండి, టింగ్ మని చప్పుడు చేసి ఒక్కసారిగా పైకి దూకుతుందా? అయితే తీగ నట్ గాడిలో ఇరుక్కుంటోంది. నువ్వు బెండ్ లాగి వదిలాక కూడా అదే జరుగుతుంది, తీగ తిరిగి తన చోటికి రాదు. సన్న 9 సైజు తీగల సెట్‌కి కోసిన నట్‌లో లావు 10 సైజు సెట్ ఎక్కించినా ఇదే గొడవ. తీగ లూజ్ చేసి పక్కకి తీసి, గాడిలో పెన్సిల్ ముల్లు బాగా రుద్దు, గ్రాఫైట్ కాబట్టి జారుతుంది. దాంతో సగం తగ్గితే రోగం ఎక్కడుందో తెలిసిపోయినట్టే, అప్పుడు మంచి నట్ వేయించుకో, ఎముకదైనా సరే గ్రాఫ్ టెక్ వాళ్ళ టస్క్ అయినా సరే, వేసేవాడికి మాత్రం గాళ్ళు కొయ్యడం వచ్చి ఉండాలి.

తీగలు చుట్టే పద్ధతి కూడా చూసుకో. సన్న తీగలకి రెండు మూడు చుట్లు చాలు, కొంతమంది ఏడెనిమిది చుట్లు దారం ఉండలా చుట్టేస్తారు, వామీ కొట్టినప్పుడల్లా ఆ చుట్లన్నీ సర్దుకుంటూ ఉంటే శ్రుతి ఎక్కడ నిలబడుతుంది? లాకింగ్ ట్యూనర్స్ వల్ల లాభం ఇదే, చుట్టు అవసరం ఉండదు, తీగ మార్చడం కూడా చిటికెలో అయిపోతుంది, అంతేగానీ లాకింగ్ అని పేరుంది కదా అని శ్రుతిని తాళం వేసి పెడుతుందనుకోకు. కొత్త తీగలు వేసిన రోజు ఒక్కో తీగా వేలితో పైకి లాగి సాగదీసి మళ్ళీ ట్యూన్ చెయ్యి, నాలుగైదు సార్లు, ఇక సాగను అనేదాకా.

ఆ బ్రిడ్జ్ ముందు ఆరు స్క్రూలు ఉన్నాయి చూడు, వాటిని చెక్కకి అదిమి బిగించేస్తారు చాలామంది. బ్రిడ్జ్ ఊగాలంటే కొంచెం ఊపిరి ఉండాలి కదా. వామీ అసలు వాడకపోతే వెనక స్ప్రింగులు బిగించి బ్రిడ్జ్‌ని బాడీకి ఆనించేసుకో, సగం తలనొప్పి అక్కడే పోతుంది.

తుప్పు పట్టిన స్క్రూలకి కొత్త బ్రిడ్జ్ ఎందుకయ్యా! అగ్గిపుల్ల కొనతో ఒక్కో చుక్క డబ్ల్యూడీ 40 వేసి రాత్రంతా వదిలెయ్, పొద్దున 1.5 మిల్లీమీటర్ల అలెన్ కీతో తిప్పి చూడు. చాలా ఆసియా బ్రిడ్జ్‌లకి అవి ఎం3 (3 మిల్లీమీటర్ల) గ్రబ్ స్క్రూలు, అంటే తల లేనివి, స్టెయిన్‌లెస్ స్టీల్‌వి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, సముద్రం పక్కన ఉన్నవాళ్ళకి అవే నయం. వాయించాక పొడి గుడ్డతో తీగల కింద కూడా తుడువు. ఈ ఒక్క పని బద్ధకించి మా వాళ్ళు నెలకి రెండు సెట్లు కొంటారు.

పికప్స్ సంగతంటావా, ఉన్నవాటి ఎత్తు ఎప్పుడైనా మార్చి చూశావా? తీగని చివరి ఫ్రెట్ (మెట్టు) దగ్గర నొక్కి పట్టుకుని, తీగ కింది అంచుకీ పికప్ మీది ఇనప బొడిపెకీ మధ్య ఎంత ఉందో కొలువు. సింగిల్ కాయిల్‌కి లావు తీగ వైపు 2.4, సన్న తీగ వైపు 2 మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెట్టి చెవికి నచ్చేదాకా అరతిప్పు అరతిప్పుగా జరుపు. స్క్రూడ్రైవర్ ఉంటే చాలు, ఫ్రీ.


అల్నికో_5

గుంటూరు అక్క చెప్పిందంతా శ్రుతికి కరెక్టే, కాదనను. కానీ రేకు డబ్బా సౌండ్‌కి పెన్సిల్ ఏం చేస్తుంది అక్కా? ఇక్కడ ఎవరు పికప్స్ అడిగినా "ముందు సెటప్ చేసుకో, ఉన్నదాన్నే సర్దుకో" అని పంపించేయడం ఓ అలవాటైపోయింది. నేను మూడు గిటార్లకి మార్చా, మూడిట్లోనూ తేడా మా ఇంట్లోవాళ్ళు కూడా గుర్తుపట్టారు, వాళ్ళకి గిటార్‌కీ సితార్‌కీ తేడా తెలీదు.

చవక సింగిల్ కాయిల్స్‌లో ఏముంటుందంటే ఆ ఆరు బొడిపెలు ఉత్త ఇనుము, కింద ఒక సెరామిక్ అయస్కాంతం బద్ద అంటించి ఉంటుంది. పాత పద్ధతివైతే ఆ ఆరు కడ్డీలే అయస్కాంతాలు, అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపి చేస్తారు కాబట్టి అల్నికో. వాటి చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ ఎనిమిది వేల చుట్ల దగ్గర ఉంటుంది. సెరామిక్ అంటేనే చెడ్డదని కాదు, డిమార్జియో కంపెనీ సూపర్ డిస్టార్షన్ హంబకర్ సెరామిక్కే కదా, దాన్ని ఎంతమంది పూజిస్తారు. చవకగా చుట్టిన సెరామిక్ సింగిల్‌తోనే గొడవ, ఇనప బొడిపెల వల్ల కూడా గొంతు మారిపోతుంది.

హంబకర్ కథ కూడా చెప్పాలి, నాకు ఇష్టమైన సబ్జెక్ట్. సింగిల్ కాయిల్ కరెంట్ హమ్‌ని యాంటెనాలాగా పట్టేస్తుంది, మన దగ్గర 50 హెర్ట్జ్, అమెరికాలో 60. గిబ్సన్ గిటార్ కంపెనీలో సెత్ లవర్ అనే ఆయన రెండు కాయిల్స్‌ని ఒకదానికొకటి ఎదురుగా కలిపి, అయస్కాంతం దిశ కూడా తిప్పి పెట్టాడు, దాంతో తీగ సిగ్నల్ కలుస్తుంది, హమ్ మాత్రం ఒకదాన్నొకటి చంపుకుంటుంది. 1955లో పేటెంట్‌కి పెట్టారు, 1959లో వచ్చింది, ఆ రోజుల్లో పికప్స్ అడుగున పేటెంట్‌కి అప్లై చేశాం అని స్టిక్కర్ అంటించేవాళ్ళు, ఈరోజు లక్షలు పలికే పీఏఎఫ్ (పేటెంట్ అప్లైడ్ ఫర్) అంటే అదే స్టిక్కర్. స్ట్రాట్‌లో కూడా మధ్య పికప్‌ని ఎదురు చుట్టి ఎదురు అయస్కాంతం పెడితే పికప్స్ మార్చే స్విచ్ రెండో చోటా నాలుగో చోటా, అంటే రెండు పికప్స్ కలిసి పలికే చోట్ల, హమ్ పోతుంది. స్ట్రాట్ 1954లో వచ్చినప్పుడు స్విచ్‌కి మూడే చోట్లు, జనం మధ్యలో ఇరికించి వాయించేవాళ్ళు, ఫెండర్ అయిదు చోట్ల స్విచ్ ఫ్యాక్టరీలోనే ఇవ్వడం 1977కి గానీ మొదలుకాలేదు. ఇది ఎందుకు చెప్తున్నానంటే నువ్వు ఒక సింగిల్ ఒక కంపెనీది, ఇంకోటి ఇంకో కంపెనీది తెప్పించావనుకో, రెండూ కలిపినప్పుడు ఫేజ్ తేడా వచ్చి సౌండ్ ముక్కుతో పాడినట్టయిపోతుంది. మారిస్తే సింగిల్స్ రెండూ ఒకే సెట్‌లోవి మార్చు.

నీ బడ్జెట్‌లో అయితే బ్రిడ్జ్ హంబకర్ ఒక్కటే మార్చమంటా, డిస్టార్షన్ దాంతోనే కదా వాయిస్తావు. పేరున్న హంబకర్ ఒక్కోటి వంద డాలర్లు దాటుతుంది. సేమోర్ డంకన్ కంపెనీ జేబీ గట్టిది, దాని రెసిస్టెన్స్ 16 కిలో ఓమ్‌ల దగ్గర ఉంటుంది, అదే కంపెనీ 59 అయితే 8 దగ్గర, మెత్తగా పలుకుతుంది, క్లీన్ కూడా వాయించేవాడికి నేనదే చెప్తా. స్ట్రాట్ బ్రిడ్జ్ మీద తీగలు కొంచెం వెడల్పుగా ఉంటాయి కాబట్టి ఎఫ్ స్పేసింగ్ అడుగు, డంకన్ వాళ్ళయితే ట్రెంబకర్ అంటారు.

వైర్ల రంగులు జాగ్రత్త బాబూ! డంకన్‌లో నలుపు హాట్ (సిగ్నల్ వెళ్ళే వైరు), ఆకుపచ్చా తొడుగు లేనిదీ గ్రౌండ్, ఎరుపూ తెలుపూ కలిపి టేప్ చుట్టాలి. డిమార్జియోలో ఎరుపు హాట్, నలుపూ తెలుపూ కలపాలి. నేను ఒకదాని డయాగ్రమ్ చూసి ఇంకోదాన్ని కలిపి, కొత్త పికప్ పాడైందని రెండ్రోజులు అన్నం సయించలేదు.


బొబ్బిలి_మైనం

కీచుమని అరుపు అన్నారు కదా, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. యాంప్‌లో గెయిన్ పెంచి, తీగలు చేత్తో మూసి, హంబకర్ మీద పెన్నుతో మెల్లిగా కొట్టి చూడండి. మైకు మీద కొట్టినట్టు టకటకా వినిపిస్తే లోపల కాయిల్ చుట్లు వదులుగా ఉన్నాయన్నమాట, అవి అదురుతుంటే ఆ అరుపు. మా ఊళ్ళో వీణకి మెట్లు మైనంలో కూర్చోబెట్టినట్టే దీనికీ మైనమే మందు. పారఫిన్ నాలుగు వంతులు, తేనె మైనం ఒక వంతు, గిన్నెలో వేడినీళ్ళు పెట్టి అందులో ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి, 65 డిగ్రీలు దాటనివ్వకండి, దాటితే ప్లాస్టిక్ బాబిన్ (కాయిల్ చుట్టే కండె) వంకర తిరుగుతుంది. పికప్ ముంచి బుడగలు రావడం ఆగేదాకా ఉంచి తీసి తుడిచెయ్యడమే. పొయ్యి మీద నేరుగా మైనం పెట్టొద్దు, అంటుకుంటుంది.

అన్నట్టు గమకాలు లాగడం తప్పన్నట్టు రాశారు. పాలకొల్లు నుంచి వచ్చిన శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండొలిన్‌కి ఒక్కో తీగ చొప్పున అయిదే తీగలు ఉంచుకుని కచేరీలు చేశారు, మామూలు మాండొలిన్‌కి ఉండే జంట తీగల మీద గమకం ఎక్కడ పలుకుతుంది చెప్పండి. లాగండి మీరు.


వైజాగ్_స్ట్రాట్

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంతమంది ఇంత రాస్తారనుకోలేదు. మొన్న ఆదివారం అంతా దీంతోనే కూర్చున్నా, అమ్మ భోజనానికి మూడుసార్లు పిలిచింది.

కోఠి అన్నా, బ్రిడ్జ్ స్క్రూలు 52.5 వచ్చాయి, బాడీ మందం 40కి ఓ వెంట్రుకవాసి తక్కువ. నువ్వు చెప్పకపోతే నేనూ ఓ సొరుగు ఖాళీ చేసుకునేవాణ్ణి. ట్యూనర్ బెజ్జం 10, వెనక ఒక్కో దానికి ఒక స్క్రూ, ఫోటో తీశా. పిక్‌గార్డ్ విప్పితే పాట్స్ చిన్నవే, వెనక బి250కె అని ఉంది.

గుంటూరు అక్కా, పెన్సిల్ రుద్దా. టింగ్ పోయింది! జి స్ట్రింగ్ పూర్తిగా కాదు గానీ పాట చివరిదాకా నిలబడుతోంది. సన్న తీగలకి ఎనిమిది చుట్లు ఉన్నాయి, నేనే చుట్టా, సిగ్గుగా ఉంది. గ్రబ్ స్క్రూలు పన్నెండిట్లో తొమ్మిది తిరిగాయి.

అసలు ఆశ్చర్యం ఏంటంటే ఆ జుయ్య్ అనే గోలలో సగం మా గదిలో ఫ్యాన్ రెగ్యులేటర్‌ది. గుండ్రంగా తిప్పే డిమ్మర్ టైప్ పాతది, ఫ్యాన్ ఆపగానే గోల పడిపోయింది. కరెంట్ పోయి ఇన్వర్టర్ మీదకి వెళ్తే మళ్ళీ మొదలు. మిగిలిన సన్న హమ్‌కి రాగి టేప్ అంటిస్తే పోతుందా?

హంబకర్ మీద పెన్నుతో కొడితే బొబ్బిలి గారు అన్నట్టే టకటకా వినిపించింది. అది ఎలాగూ మార్చే ఆలోచనే కాబట్టి మైనం ప్రయోగం దాని మీదే నేర్చుకుంటా. కానీ అల్నికో అన్నా, పికప్స్ ఎత్తు సర్దాక నెక్ సింగిల్ మాత్రం నాకు బాగానే నచ్చుతోంది, ఏం చెయ్యమంటావ్.


అల్నికో_5

నచ్చితే ముట్టుకోకు, అంతే. నేను పికప్స్ అమ్మే షాపు పెట్టుకోలేదుగా.

పాట్స్ గురించి. బి అంటే తిప్పినంత మేర సమానంగా పెరిగే రకం, ఏ అంటే చెవికి తగ్గట్టు పెరిగే ఆడియో రకం, వాల్యూమ్‌కి ఎక్కువమందికి ఏ నచ్చుతుంది. 250 కె (కిలో ఓమ్‌ల) పాట్ మీద హంబకర్ దుప్పటి కప్పుకుని పలికినట్టు ఉంటుంది, 500 కె మీద సింగిల్స్ గుచ్చుకుంటాయి. నీలాంటి హెచ్ఎస్ఎస్ (ఒక హంబకర్, రెండు సింగిల్స్) గిటార్‌కి 500 పెట్టి, సింగిల్స్ వాడేటప్పుడు టోన్ కాస్త తగ్గించుకోవడం తేలిక.

రాగి టేప్ ట్యూబ్‌లైట్, డిమ్మర్ లాంటి వాటి బర్రుమనే గోలని తగ్గిస్తుంది, టేప్‌ని గ్రౌండ్‌కి కలపడం మర్చిపోతే మాత్రం ఉత్త అలంకారం. సింగిల్ కాయిల్ సొంత హమ్ అయస్కాంత క్షేత్రం లోంచి వస్తుంది, దాన్ని రేకు ఆపలేదు. యాంప్ ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా జరిగి, కూర్చున్న దిక్కు కొంచెం తిరిగి చూడు, ఒక మూల దగ్గర మాయమవుతుంది.


ఫ్రిస్కో_ఫజ్

డాలస్ అనగానే ఆగిపోయా, మీ బావగారు నాకు పక్కవీధే అయ్యుండొచ్చు. ప్రతి డిసెంబర్‌లో ఎవరో ఒకరి సామాన్లు మోసే అనుభవంతో చెప్తున్నా. థ్యాంక్స్‌గివింగ్ సేల్‌లో పికప్స్, ట్యూనర్స్ ధర తగ్గుతుంది, అప్పటికి లిస్ట్ ఫైనల్ చేసెయ్. పార్సిల్ వచ్చిన రోజే బావగారి చేత పెట్టె విప్పించి వీడియో కాల్‌లో చూసుకో, నువ్వు వైజాగ్‌లో చూసుకునేసరికి రిటర్న్ గడువు అయిపోయుంటుంది. బయటి అట్టపెట్టెలు డాలస్‌లోనే పడేయించు, బరువు అందులోనే ఉంటుంది. ట్యూనర్ల సెట్ పావుకేజీ దాకా తూగుతుంది, హంబకర్ అందులో సగం, నట్, పాట్స్ లెక్కలోకి రావు.

సోల్డరింగ్ ఐరన్ మాత్రం పొరపాటున కూడా తెప్పించుకోకు. ఇక్కడివి 120 వోల్ట్‌లకి చేసినవి, మన 230లో పెట్టావంటే ఒక్కసారే వెలుగుతుంది. మా తమ్ముడికి అలా ఒకటి పంపా, ఇంకా గుర్తు చేస్తుంటాడు.

ఇంకోటి, బావని అడగడం కాదు ముందు అక్కకి చెప్పు. పెట్టె తూకం వేసేది ఆవిడే.


కోఠి_కేబుల్

ఐరన్ ఈడనే కొనుక్కో. 25 వాట్స్‌ది వైర్లకు నడుస్తది గని పాట్ ఎనుక గ్రౌండ్ అతికియ్యనీకి చాలదు, పాట్ మూత వేడిని గుంజుకుంటది, నువ్వు ఐరన్ పెట్టి రెండు నిమిషాలు అట్లనే కూసుంటవు, లోపల కార్బన్ మాడుతది. 60 వాట్స్‌ది, కొన వెడల్పుగ ఉన్నది తీస్కో, పాట్ ఎనుక ఇసుక కాయితంతోని గీకి, ఫ్లక్స్ పెట్టి, మూడు నాలుగు సెకన్లల పని కానియ్యి. విప్పే ముందట ఫోటో తియ్యి, నాలుగు దిక్కుల నుంచి. మొదలు పాత పాట్ మీద ప్రాక్టీస్ చెయ్యి, కొత్త పికప్ మీద కాదు.

ఇంకా బ్రిడ్జ్ మీద మనసున్నదా పోయిందా?


వైజాగ్_స్ట్రాట్

బ్రిడ్జ్ వద్దు అన్నా, తిరగని మూడు గ్రబ్ స్క్రూలతో పాటు మొత్తం సెట్ స్టెయిన్‌లెస్‌వి ఆర్డర్ పెట్టేశా, శాడిల్స్ విప్పి కడిగితే బానే ఉన్నాయి. ఫ్యాన్ రెగ్యులేటర్ కూడా మార్పించా, స్టెప్ టైప్ వేశాడు, నాన్న ఇన్నాళ్ళకి నీ గిటార్ వల్ల ఇంటికో ఉపయోగం అన్నారు.

రాత్రి అక్కకి పంపిన ఫైనల్ లిస్ట్ ఇది: 10 మిల్లీమీటర్ల లాకింగ్ ట్యూనర్స్ ఆరూ ఒకే వైపు ఉండేవి, టస్క్ నట్ ఒకటి, 59 ట్రెంబకర్ ఒకటి, ఏ500కె సీటీఎస్ పాట్స్ మూడు. నట్ గాళ్ళు ఇక్కడ వయొలిన్లు బాగుచేసే ఆయన ఉన్నారు, ఆయన చేత కోయిస్తా. సింగిల్స్ రెండూ అలాగే ఉంచుతున్నా. అక్క తూకం లెక్క చూసి ఓకే అంది, బావ కార్డుతో ఆర్డర్ కూడా పెట్టేశారట. తొమ్మిది వేల గిటార్‌కి ఇంత సామానా అని బావ ఒకటే నవ్వట.


కోఠి_కేబుల్

మంచిగున్నది లిస్టు. నాబ్‌లు రాసినవా తమ్మీ? 24 పండ్లయి?


వైజాగ్_స్ట్రాట్

అయ్యో.

ఒక్క నిమిషం అన్నా, అక్కడ అర్ధరాత్రి అయ్యుంటుంది, అయినా చేస్తా.